విదేశీ రోడ్ల మీద బైక్: పసుపు వెస్ట్ వేసుకునే తిరగాలా, వెంట ఉంటే చాలా?

హెల్మెట్ గురించి రైడర్ల మధ్య ఇప్పుడు పెద్దగా గొడవ లేదు. గ్లవ్స్, బూట్ల గురించీ లేదు. బట్టల పైన తొడుక్కునే, చేతుల్లేని, కళ్లు జిగేల్‌మనే పసుపు వెస్ట్ మాట ఎత్తితే మాత్రం, కలిసి టూర్ ప్లాన్ చేసుకుంటున్న నలుగురూ రెండు పార్టీలైపోతారు. "పది యూరోల్లోపు వచ్చేదానికి ఇంత రాద్ధాంతం ఎందుకు, వేసుకుంటే పోయేదేముంది" అని ఒక పక్షం. "చూడకుండా వచ్చి గుద్దేవాణ్ని వదిలేసి నన్ను రంగు మార్చుకోమంటారేమిటి" అని రెండో పక్షం. ఇద్దరి మాటల్లోనూ పస ఉంది. చిక్కల్లా ఏమిటంటే, ఇద్దరూ మాట్లాడేది ఒకే వస్తువు గురించి కాదు.

ఒకటి, బండి ఆగిపోయినప్పుడు రోడ్డు పక్కన నిలబడటానికి వేసుకునే వెస్ట్. రెండోది, నడుపుతున్నంతసేపూ ఒంటి మీద ఉండే మెరుపు బట్ట. బయటి నుంచి వచ్చే రైడర్‌కు యూరప్‌లో ఎదురయ్యే చట్టం మొదటిదాని గురించి, వాదనలు జరిగేదేమో రెండోదాని మీద. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటిది మారు మాట్లాడకుండా కొనండి. రెండోదానికి పెట్టే డబ్బు వెస్ట్‌కి కాకుండా హెల్మెట్‌కి, జాకెట్‌కి పెట్టండి.

ఎక్కడ ఏం అడుగుతారు

ఎక్కువమంది అడిగేది ఫ్రాన్స్ గురించే కాబట్టి అక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం. 2016 జనవరి 1 నుంచి అక్కడ బైక్ నడిపేవాళ్ల దగ్గర హై-విజ్ వెస్ట్, అంటే దూరం నుంచే కొట్టొచ్చినట్టు కనపడే ఈ పసుపు వెస్ట్, ఉండాలి. ఒంటి మీద ఉన్నా సరే, జేబులోనో, సీటు కిందో, బాక్సులోనో ఉన్నా సరే. బండి అనుకోకుండా రోడ్డు మీదో అంచునో ఆగిపోయి దిగాల్సి వస్తే అప్పుడు వేసుకోవాలి. వెస్ట్ అసలు లేకపోతే ఫైన్ 11 యూరోలు. ఉండీ, అలా ఆగినప్పుడు వేసుకోకపోతే 135 యూరోలు. ఈ రెండు అంకెల మధ్య తేడా చూస్తే చట్టం దేన్ని పట్టించుకుంటోందో అర్థమవుతుంది. నడిపేటప్పుడు వేసుకోమని అది ఎక్కడా అడగదు.

అలా అడగాలని ఒకసారి చూశారు. 125 సీసీ దాటిన బండ్లు నడిపేవాళ్లు ఒంటి పైభాగాన కనీసం 150 చదరపు సెంటీమీటర్ల మెరిసే బట్ట వేసుకోవాలని 2012 జనవరిలో ప్రభుత్వ ఉత్తర్వు (డిక్రీ) వచ్చింది. 2013 నుంచి అమలన్నారు. వేసుకోకపోతే 68 యూరోల ఫైన్, లైసెన్స్‌లో రెండు పాయింట్ల కోత. ఎఫ్ఎఫ్ఎంసీ అనే ఫ్రెంచి రైడర్ల సమాఖ్య వీధికెక్కింది. తరచూ ఫ్రాన్స్ దాటి వెళ్లే బ్రిటిష్ రైడర్లూ గట్టిగానే గొంతు కలిపారు. అమలు మొదలయ్యే వేళకే ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ పాత గొడవ గుర్తున్నవాళ్లు ఇప్పటికీ "ఫ్రాన్స్‌లో హై-విజ్ వేసుకునే నడపాలట" అంటుంటారు. అది నిజం కాదు.

కార్లవాళ్లకు ఈ వెస్ట్ 2008లోనే తప్పనిసరైంది. అప్పటి ప్రచారంలో ఫ్యాషన్ డిజైనర్ కార్ల్ లాగర్‌ఫెల్డ్ తన నల్ల సూటు మీద పసుపు వెస్ట్ వేసుకుని పోస్టరెక్కాడు. ఇది పసుపు, ఇది అందవిహీనం, దేనికీ మ్యాచ్ కాదు, కానీ ప్రాణం కాపాడొచ్చు అన్నది దాని సారం. పదేళ్ల తర్వాత, 2018 నవంబరులో ఆ దేశంలో నిరసనకారులు పసుపు వెస్టులతో రోడ్లెక్కారంటే, ప్రతి కారులోనూ ఒకటి రెడీగా పడి ఉండబట్టే.

జర్మనీలో 2014 జూలై నుంచి కార్లలో, లారీల్లో, బస్సుల్లో వెస్ట్ ఉండాలి. బైకులకు మినహాయింపు. ఆస్ట్రియాలోనూ వెస్ట్ నియమం కార్లలాంటి వాటికే. బైక్ మీద ఫస్ట్ ఎయిడ్ కిట్ మాత్రం ఉండాలి, అది చాలామంది మరిచిపోతారు. బెల్జియంలో 2011 నుంచి గ్లవ్స్, పొడుగు చేతుల జాకెట్, ఫుల్ ప్యాంటు, చీలమండ దాటే బూట్లు తప్పనిసరి. బ్రిటన్‌లో హైవే కోడ్ పగలు ఫ్లోరసెంట్, రాత్రి రిఫ్లెక్టివ్ వేసుకోమని సలహా ఇస్తుంది తప్ప ఒత్తిడి చేయదు. ఐర్లండ్‌లో మెరిసే చేతులున్న జాకెట్లు తప్పనిసరి చేద్దామని 2010 ప్రాంతంలో ప్రతిపాదన వచ్చింది. రైడర్లు ఎదురు తిరిగారు, అది అమలు కాలేదు.

నడిపేటప్పుడే వేసుకోమనే చోట్లూ ఉన్నాయి. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో లెర్నర్ పర్మిట్ మీద నడిపేవాళ్లకు హై-విజ్ వెస్ట్ లేదా జాకెట్ తప్పదు. కొలంబియాలో సాయంత్రం 6 నుంచి ఉదయం 6 వరకు, వెలుతురు తక్కువైతే పగలు కూడా, రిఫ్లెక్టివ్ వెస్ట్ లేదా జాకెట్ వేసుకోవాలని 2002 నాటి ట్రాఫిక్ చట్టమే చెబుతోంది. కెన్యాలో నడిపేవాళ్లకే కాదు, వెనక కూర్చునేవాళ్లకు కూడా రిఫ్లెక్టర్ జాకెట్ ఉండాలి.

"నా బండి వేరే దేశంలో రిజిస్టరైంది, నాకెందుకు" అనే వాదన కొందరు ఎత్తుకుంటారు. బండికి బిగించి ఉండే సామాను విషయంలో ఆ వాదనకు కొంత బలం ఉండొచ్చు. ఒంటి మీద ఏం వేసుకోవాలన్నది అలాంటిది కాదు. ఎడమవైపు నడపాలా కుడివైపు నడపాలా అన్నట్టే, ఏ దేశపు రోడ్డు మీద ఉంటే ఆ దేశపు నియమమే. రోడ్డు పక్కన పోలీసుతో వియన్నా ఒప్పందం (రోడ్డు రవాణా మీద దేశాల మధ్య ఉన్న ఒప్పందం) గురించి వాదించడానికి ఎవరూ సెలవు పెట్టుకుని వెళ్లరు కదా.

వద్దనేవాళ్లు ఎందుకు వద్దంటారు

వాళ్లను "స్టైల్ కోసం నల్ల లెదర్ వదలరు" అని కొట్టిపారేయడం అన్యాయం. వాళ్ల వాదనల్లో బరువైనది ఇన్సూరెన్స్ గురించి. నడిపేటప్పుడు వెస్ట్ తప్పనిసరి అయితే, సైడ్ రోడ్డులోంచి చూడకుండా వచ్చి గుద్దిన కారువాడి లాయరు మొదట అడిగేది "వెస్ట్ వేసుకున్నాడా" అనే. వేసుకోకపోతే పరిహారంలో కోత. తప్పు చూడనివాడిది, భారం కనిపించనివాడిది. ఈ భయం ఊహ కాదు, కోర్టుల్లో ఇలాంటి వాదనలు వినిపించేవే.

రెండోది, చూపు గురించి. డ్రైవర్ జంక్షన్‌లో అటూ ఇటూ తల తిప్పుతాడు, బైక్ అతని కంటి ముందే ఉంటుంది, అయినా బండి ముందుకు దూకిస్తాడు. రోడ్డు ప్రమాదాల మీద పనిచేసేవాళ్లకు ఇది బాగా తెలిసిన సంగతి. బైక్ ఎదురుగా వస్తున్నప్పుడు సన్నటి బొమ్మలా ఉంటుంది. నేరుగా మనవైపే వస్తుంటే చాలాసేపటి వరకు కదలుతున్నట్టే అనిపించదు. చిన్న వస్తువు ఇంకా దూరంలోనే ఉందని మెదడు లెక్కేసుకుంటుంది. వీటిలో ఏ ఒక్కదాన్నీ పసుపు రంగు పూర్తిగా సరిచేయలేదు.

మూడోది కళ్లతో చూస్తే తెలిసిపోయేది. పెద్ద విండ్‌స్క్రీన్, ట్యాంక్ బ్యాగ్ ఉన్న టూరింగ్ బండి మీద కూర్చున్న మనిషిని ఎదురుగా నిలబడి చూడండి. కనిపించేది హెడ్‌లైట్, అద్దాలు, హెల్మెట్, భుజాల కొసలు. వెస్ట్‌లో ముక్కాలు భాగం ఫెయిరింగ్ (బండి ముందుండే గాలి అడ్డు తొడుగు) వెనకే ఉండిపోతుంది. వెనక నుంచి చూస్తే టాప్ బాక్స్ అడ్డం. వీపుకు బ్యాగ్ తగిలించుకుంటే ఇక చెప్పేదేముంది. ఎదుటి కారు నుంచి రక్షణ కోసం వెస్ట్ కొని, ఎదుటి కారుకు కనపడకుండా దాచుకున్నట్టే.

కావాలనేవాళ్ల చేతిలో ఉన్నది

వాళ్ల దగ్గర కూడా గట్టి ఆధారమే ఉంది. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ ప్రాంతంలో జరిపిన అధ్యయనం 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ప్రమాదంలో గాయపడిన రైడర్లను, అవే రోడ్ల మీద మామూలుగా తిరుగుతున్న రైడర్లతో పోల్చి చూశారు. రిఫ్లెక్టివ్ లేదా ఫ్లోరసెంట్ బట్టలు వేసుకున్నవాళ్లకు ముప్పు 37 శాతం తక్కువ. నల్ల హెల్మెట్‌తో పోలిస్తే తెల్ల హెల్మెట్‌వాళ్లకు 24 శాతం తక్కువ. పగలు హెడ్‌లైట్ వేసుకున్నవాళ్లకు 27 శాతం తక్కువ. జాగ్రత్తపరులే ఇలాంటివి వేసుకుంటారేమో అన్న అనుమానం ఇలాంటి అధ్యయనాల్లో ఎప్పుడూ ఉంటుంది. పరిశోధకులు దాన్ని లెక్కలోకి తీసుకునే ప్రయత్నం చేశారు గానీ, అది పూర్తిగా పోయే అనుమానం కాదు.

అదే అధ్యయనంలో జనం పెద్దగా పట్టించుకోని ముక్క ఒకటుంది. రైడర్ ముందువైపు మామూలు బట్టల రంగుకూ, బండి రంగుకూ ముప్పుతో సంబంధం కనపడలేదు. అంటే నల్ల జాకెట్ తీసేసి లేత నీలం జాకెట్ కొన్నంత మాత్రాన ఒరిగేది పెద్దగా లేదు. ఫ్లోరసెంట్ అన్నా కావాలి, రిఫ్లెక్టివ్ అన్నా కావాలి.

ఈ రెండూ ఒకటి కాదు. ఫ్లోరసెంట్ బట్ట కంటికి కనపడని అతినీలలోహిత కాంతిని పట్టుకుని కనపడే వెలుగుగా వదులుతుంది. అందుకే మబ్బు పట్టినప్పుడు, పొద్దు వాలేటప్పుడు అది చుట్టూ ఉన్న వాటికంటే ఎక్కువ వెలుగుతున్నట్టు ఉంటుంది. చీకటి పడ్డాక అది మామూలు బట్టే. రాత్రి పనిచేసేది ఆ బూడిదరంగు పట్టీ, మనం రేడియం అని పిలిచేది. హెడ్‌లైట్ వెలుగు ఎటు నుంచి పడితే అటే తిప్పి పంపుతుంది. కాబట్టి మన మీద హెడ్‌లైట్ పడని చోట, ముఖ్యంగా పక్క రోడ్డులోంచి తొంగిచూస్తున్న కారు ముందు, అదీ అంతగా ఉపయోగపడదు. రాత్రి జంక్షన్లలో మన సొంత లైట్లే దిక్కు.

రంగు ఎంత మెరిసినా వెనకాల ఏముందన్నదే అసలు విషయం. ఏప్రిల్, మే నెలల్లో ఉత్తర ఫ్రాన్స్‌లో ఆవజాతి నూనెపంట పూసి పొలాలకు పొలాలే పసుపైపోతాయి. ఆ రోడ్డు మీద పసుపు వెస్ట్ కంటే నారింజ రంగు నయం. ఎండ మండుతూ తెల్లగా మెరిసే సున్నపురాతి కొండల్లో నల్ల జాకెట్టే స్పష్టంగా తెలుస్తుంది. ఒక్క రంగుతో ప్రపంచమంతా తిరగొచ్చని చెప్పేవాళ్లు అమ్మేవాళ్లే అయి ఉంటారు.

మరి ఏది కొనాలి

మడతపెట్టి పెట్టుకునే మామూలు వెస్ట్. ఇది లేకుండా యూరప్ వెళ్లకండి, జర్మనీ అడగకపోయినా సరే. కొనేటప్పుడు లోపలి లేబుల్ చూడండి. ఈఎన్ ఐఎస్‌ఓ 20471 అనే ప్రమాణం, పక్కన చొక్కా బొమ్మ, దాని దగ్గర క్లాసు అంకె ఉంటాయి. క్లాస్ 2 అంటే కనీసం 0.50 చదరపు మీటర్ల ఫ్లోరసెంట్ బట్ట, 0.13 చదరపు మీటర్ల రిఫ్లెక్టివ్ పట్టీ. రైడింగ్ జాకెట్ మీద వేసుకోవాలి కాబట్టి రెండు సైజులు పెద్దది తీసుకోవాలి. జాకెట్ భుజాల్లో, మోచేతుల్లో ప్యాడ్లుంటాయి కదా, షాపులో టీషర్ట్ మీద సరిపోయింది రోడ్డు పక్కన జిప్పే పడదు.

ఎక్కడ పెట్టాలన్నది కొన్నదానికంటే ముఖ్యం. కారువాడు సీట్లో కూర్చునే వెస్ట్ తొడుక్కుని దిగుతాడు. బైక్‌వాడు ముందు దిగాలి, సామాను కట్టిన తాళ్లు విప్పాలి, తాళంచెవితో సీటు లేపాలి, అప్పుడు వెస్ట్ తీయాలి. ఇదంతా లారీలు గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పక్క నుంచి పోతుంటే. సీటు కింద పెట్టడం చట్టానికి సరిపోతుంది, మనిషికి సరిపోదు. జాకెట్ వెనక జేబులోనో ట్యాంక్ బ్యాగ్ పైఅరలోనో ఉంచండి. ఫ్రెంచి మోటర్‌వేల మీద దాదాపు ప్రతి 2 కిలోమీటర్లకు నారింజ రంగు ఎమర్జెన్సీ ఫోన్ ఉంటుంది. వెస్ట్ వేసుకుని, రెయిలింగ్ అవతలికి దాటి, దాని వెనకాలే నడుచుకుంటూ వెళ్లాలి. త్రిభుజం బోర్డు పెట్టే నియమం అక్కడ బైకులకు లేదు, పెట్టడానికి మోటర్‌వే మీద వెనక్కి నడిచి వెళ్లే సాహసం చేయొద్దు.

ఇదే వెస్ట్ రోజంతా వేసుకుని నడపడం మాత్రం నాకు నచ్చని పద్ధతి. ఈ రకం వెస్టులు రోడ్డు పనివాళ్ల కోసం తయారైనవి, గాలికి కాదు. మోటర్‌వే వేగంలో అంచులు టపటపా కొట్టుకుంటాయి, వెల్క్రో ఊడుతుంది, మెడ దగ్గర బట్ట లేచి హెల్మెట్‌కు తగులుతూ ఉంటుంది. గంట గడిచేసరికి విసుగు, మధ్యాహ్నానికి తలనొప్పి. జాకెట్‌లో గాలి కోసం పెట్టిన జిప్పులు కూడా దాని కింద మూసుకుపోతాయి, వేసవిలో స్పెయిన్ వైపు వెళ్తుంటే అది చిన్న విషయం కాదు. వేసుకునే తీరాలనుకుంటే బైకర్ల కోసం కుట్టినవి దొరుకుతాయి. పక్కల ఎలాస్టిక్, ముందు జిప్పు, నడుము దగ్గర బిగించే పట్టీ ఉన్నది చూసుకోండి.

పడినప్పుడు ఉబ్బి ఒంటిని కాపాడే ఎయిర్‌బ్యాగ్ వేసుకునేవాళ్లు ఇంకో విషయం గమనించాలి. ఉబ్బడానికి జాగా లేకుండా పైన బిగుతు వెస్ట్ వేస్తే ఎయిర్‌బ్యాగ్ తన పని తాను చేయలేదు. తయారీదారు ఏం చెప్పాడో చదవండి. హెలీట్ లాంటి కంపెనీలు ఎయిర్‌బ్యాగ్ వెస్ట్‌నే హై-విజ్ రంగులో అమ్ముతున్నాయి. ఎలాగూ ఎయిర్‌బ్యాగ్ కొనే ఆలోచన ఉంటే అందులోనే రంగు ఎంచుకోవడం తెలివైన పని.

నియాన్ రంగు రైడింగ్ జాకెట్. నడిపేటప్పుడు కనపడటానికి నా ఓటు దీనికే. కొట్టుకోదు, మరిచిపోయేది కాదు, చేతులు కూడా మెరుస్తాయి. ఎదురుగా వచ్చేవాళ్లకు ఫెయిరింగ్ పైన కనపడేవి భుజాలు, చేతులే కదా. రెండు ఇబ్బందులున్నాయి. మొదటిది, ఎండకు, ఉతుకులకు ఫ్లోరసెంట్ రంగు వెలిసిపోతుంది, పురుగులు, మసి అంటుకుని రెండు వేసవుల్లో మురికి పసుపైపోతుంది. రెండోది, బైక్ కంపెనీల నియాన్ జాకెట్లలో చాలావాటికి 20471 సర్టిఫికెట్ ఉండదు, నల్ల ముక్కలు ఎక్కువ కాబట్టి. లేబుల్ మీద ఈఎన్ 17092 అని చూసి ఇదే అనుకోకండి, అది రోడ్డు మీద పడి జారినప్పుడు బట్ట ఎంత తట్టుకుంటుందో చెప్పే ప్రమాణం. కాబట్టి నియాన్ జాకెట్ ఉన్నా ఫ్రాన్స్ కోసం మడత వెస్ట్ వెంట ఉండాల్సిందే.

అడ్డపట్టీలు, చేతిపట్టీలు. భుజం మీదుగా నడుముకు వచ్చే రిఫ్లెక్టివ్ బెల్టు రాత్రి పూట బాగా పనిచేస్తుంది, జేబులో పడుతుంది, ఏ జాకెట్ మీదైనా సరిపోతుంది. పగలు దాంతో పెద్దగా లాభం లేదు. వెస్ట్ అడిగిన చోట దీన్ని వెస్ట్‌గా చూపించలేరు.

హెల్మెట్. వెస్ట్ గురించి గంటలు గంటలు వాదించుకునేవాళ్లు హెల్మెట్ రంగు దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగకుండా మ్యాట్ బ్లాక్ కొనేస్తారు. విండ్‌స్క్రీన్ పైన, కార్ల కప్పుల పైన, అన్ని వైపుల నుంచీ కనపడేది అదొక్కటే. ఎలాగూ మార్చే సమయం వస్తే తెలుపో, నియానో తీసుకోండి, అదనంగా ఒక్క రూపాయి కూడా పడదు. ఫ్రాన్స్‌లో అమ్మే హెల్మెట్ల పెట్టెలో నాలుగు రిఫ్లెక్టివ్ స్టిక్కర్లు వస్తాయి. ముందు, వెనక, రెండు పక్కలా అతికించాలని అక్కడి నియమం. అందం పోతుందని అతికించనివాళ్లు అక్కడా బోలెడుమంది.

లైట్లు చాలా కొత్త బండ్లకు ఎలాగూ వెలుగుతూనే ఉంటాయి. అదనపు ఫాగ్ లైట్లు తగిలించే ముందు వాటిని పగలు వేసుకోవడానికి ఆ దేశం ఒప్పుకుంటుందో లేదో చూసుకోండి.

ఎవరికి ఏది

వేసవిలో, పగటిపూట, ఆల్ప్స్ వైపు వారం పది రోజుల టూర్ అయితే ఉన్న జాకెట్ చాలు. జేబులో క్లాస్ 2 వెస్ట్, వీలైతే లేత రంగు హెల్మెట్. కొత్త జాకెట్ కోసం ఖర్చు పెట్టనక్కర్లేదు.

స్కాట్లండ్, ఐర్లండ్, నార్వే లాంటి వాన, మబ్బు దేశాలైతే లెక్క మారుతుంది. ఫ్లోరసెంట్ బట్ట బాగా పనికొచ్చేది సరిగ్గా ఆ వెలుతురులోనే. అక్కడికి కొత్త జాకెట్ కొనేకంటే నియాన్ రెయిన్‌సూట్ కొనండి. ఎలాగూ సగం రోజులు అదే ఒంటి మీద ఉంటుంది.

కొలంబియా, కెన్యా లాంటి చోట్ల బండి అద్దెకు తీసుకుంటే ఎంపిక మీ చేతిలో లేదు, వేసుకోవాల్సిందే. స్థానికంగా ఏది వేసుకుంటున్నారో అదే అక్కడే కొనుక్కోవడం మంచిది. బయటి నుంచి తెచ్చిన ఖరీదైన జాకెట్‌లో ఎక్కడో సన్నటి పైపింగ్ మెరుస్తోందని పోలీసుకు చూపించి ఒప్పించాలంటే భాష రావాలి, ఓపిక ఉండాలి.

వెనక ఎవరినైనా కూర్చోబెట్టుకుని వెళ్తుంటే రెండు వెస్టులు కొనండి. ఫ్రెంచి నియమం నడిపేవాళ్ల గురించే మాట్లాడినా, బండి ఆగిపోయాక రోడ్డు పక్కన నిలబడేది ఇద్దరూ. ఫ్రాన్స్‌లో అద్దె బండి అయితే తాళంచెవి చేతిలోకి తీసుకునే ముందే వెస్ట్ ఇస్తున్నారా, ఇస్తే ఏ సైజు అని అడగండి. ఇచ్చినదాన్ని అక్కడే మీ జాకెట్ మీద వేసి జిప్పు పెట్టి చూసుకోండి. పడకపోతే ఊరు దాటకముందే దగ్గర్లోని సూపర్‌మార్కెట్‌లో కార్ల సామాను అర దగ్గర ఇంకోటి కొనుక్కోవచ్చు.